గీతకు కుడి పక్కగా రెండు మైళ్ళు

ఉద్యోగం అయిపోయి ఏలూరు వచ్చి స్థిరపడ్డాక నన్ను అందరూ ఒకటే అడుగుతున్నారు. పవర్‌పేటలో పాల ప్యాకెట్ల కోసం నిలబడినా, బ్యాంకులో క్యూలో ఉన్నా అదే ప్రశ్న. "విమానం దానంతట అదే ఎగురుతుందట కదండీ, మరి మీరేం చేసేవారండీ?" అని. మర్యాదగానే అడుగుతారు. మా ఊళ్ళో ఎంత పుల్లవిరుపు మాటైనా చివర 'అండీ' తగిలిస్తే చెల్లిపోతుంది. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు "కాఫీ తాగేవాడినండీ" అని చెప్పి ఇంటికి వచ్చేస్తున్నాను.

కానీ ఈ మధ్య పిల్లలు వస్తున్నారు. తణుకు నుంచి ఒకమ్మాయి వచ్చింది. పెదవేగి నుంచి ఒకబ్బాయి తన మేనమామను వెంటబెట్టుకుని వచ్చాడు. పైలట్లు అవుతారట. వాళ్ళకు కాఫీ తాగేవాడినని చెప్పి పంపించలేను. నేను ఎన్ని గంటలు ఎగిరానో, ఏ విమానం తరువాత ఏ విమానం నడిపానో, యూనిఫాం మీద చారలు ఎప్పుడెప్పుడు పెరిగాయో వాళ్ళకు అక్కర్లేదు. అవి ఎవరి జీవితంలోనైనా ఒకలాగే ఉంటాయి. నేను చెప్పదలచుకున్నది చాలా చిన్న పని గురించి. చేతి వేలితో నాలుగు మీటలు నొక్కితే అయిపోయే పని. దాని మీద నేను చీఫ్ పైలట్‌తో పోట్లాడాను. దాని మూలంగానే ఒకమ్మాయి కెప్టెన్ ఉద్యోగం చేతిదాకా వచ్చి ఆగిపోయింది.

గీత మీద నడవడం

పైన ఆకాశంలో కూడా దారులున్నాయి. మ్యాపు మీద రెండు చుక్కలు పెట్టి గీత గీస్తే అది ఒక దారి. ఆ గీత మీద వెళ్ళేవాళ్ళు ఒక ఎత్తులో వెళతారు, ఎదురొచ్చేవాళ్ళు ఇంకో ఎత్తులో వస్తారు. మధ్యన వెయ్యి అడుగుల ఖాళీ ఉంటుంది. నేల మీద రాడార్ ఉంటుంది కాబట్టి ఎవరైనా తప్పటడుగు వేస్తే కింద నుంచి ఒకరు చూసి అరుస్తారు. సముద్రం మధ్యకు వెళ్ళాక రాడార్ అందదు. మనం ఎక్కడున్నామో మనమే రేడియోలో చెప్పుకోవాలి. ఆ రేడియో కూడా గరగరమంటూ ఉంటుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పరికరాలు అంత కచ్చితంగా ఉండేవి కావు. గీత మీదే ఉన్నామని అవి చెప్పేవి. నిజానికి సముద్రం దాటేసరికి ఒకరు గీతకు అటు, ఒకరు ఇటు జరిగిపోయి ఉండేవారు. నా మొదటి కెప్టెన్ గారు అవతలి ఒడ్డు కనబడగానే నావైపు తిరిగి "ఇవాళ ఎంత తప్పాం?" అని అడిగేవారు. తప్పామా అని ఎప్పుడూ అడగలేదు. తప్పడం ఆయన లెక్కలో ఎప్పుడూ ఉండేది.

తరువాత ఉపగ్రహాలు వచ్చాయి. ఇక విమానం గీత వదిలి రెక్క వెడల్పు కూడా పక్కకు పోదు. అందరం సంబరపడ్డాం. కొంతకాలానికి గానీ దానిలోని చిక్కు బోధపడలేదు. ఎదురొచ్చే విమానం ఏ కారణంగానో ఎత్తు తప్పి మన ఎత్తుకే వచ్చిందనుకోండి. పాత రోజుల్లో అయితే ఇద్దరూ గీతకు చెరో పక్క ఉండేవారు కనుక ఒకరినొకరు చూసుకోకుండానే దాటిపోయేవారు. ఇప్పుడు ఇద్దరూ సరిగ్గా గీత మీదే ఉన్నారు. ముక్కూ ముక్కూ ఎదురెదురు.

కొల్లేరు పక్క చెరువు గట్ల మీద చేపల లారీలు తిరిగే దారి చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. లారీలు తిరిగి తిరిగి గట్టు మీద రెండు చక్రాల గాడి పడిపోతుంది. వెళ్ళే లారీ చక్రాలూ ఆ గాడిలోనే, వచ్చే లారీ చక్రాలూ ఆ గాడిలోనే. పొగమంచు రోజుల్లో అక్కడ డ్రైవరు గాడి వదిలి ఒక పక్కగా నడుపుతాడు.

మేమూ అదే చేయడం మొదలుపెట్టాం. సముద్రం మీదకు వెళ్ళాక గీతకు కుడి పక్కగా ఒక మైలో, రెండు మైళ్ళో జరిగి ఎగరడం. దీన్ని మేము ఆఫ్‌సెట్ అంటాం. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందరూ రెండు మైళ్ళే జరిగితే అక్కడ మళ్ళీ ఒక గాడి పడుతుంది కాబట్టి, ఎవరి ఇష్టం వాళ్ళది. ఒకరు ఒక మైలు, ఒకరు రెండు, ఒకరు అసలు జరగకుండా. కానీ జరిగితే మాత్రం కుడికే జరగాలి. మనం మన కుడికి, ఎదురొచ్చేవాళ్ళు వాళ్ళ కుడికి జరిగితే మధ్యన ఎడం రెట్టింపు అవుతుంది. పై విమానం వదిలి వెళ్ళే సుడిగాలి నుంచి కూడా తప్పించుకుంటాం. ఆ సుడిగాలి మెల్లగా కిందికి దిగుతుంది. దాని కిందకు సరిగ్గా వెళితే, నడవలో ట్రాలీ పట్టుకుని నిలబడ్డ ఎయిర్‌హోస్టెస్ పిల్లలు సీలింగుకు కొట్టుకుంటారు. నేను చూశాను. బెల్టు పెట్టుకోమని చెప్పేలోపే అయిపోతుంది.

పెద్దాయన

మా చీఫ్ పైలట్‌ను అందరం పెద్దాయన అనేవాళ్ళం. ఆయనది తెనాలి పక్క. విమానాన్ని చేతుల్తో నడపడంలో ఆయనంతటివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఒకసారి మద్రాసులో గాలివాన రోజున గాలి అడ్డంగా కొడుతుంటే, నేను పక్క సీట్లో బిక్కచచ్చి కూర్చుంటే, ఆయన విమానాన్ని రన్‌వే మధ్య తెల్లగీత మీద బొట్టు పెట్టినట్టు దించారు. దించి, "గీత ఉన్నది దేనికయ్యా?" అన్నారు. అంతే. ఆయన మతమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

అలాంటి మనిషికి వెళ్ళి గీత వదిలి పక్కగా ఎగరండి అంటే ఎలా ఉంటుంది? రూలు కాగితం వచ్చింది కాబట్టి వద్దనలేదు. కానీ పైలట్లను పరీక్షించే చెక్ ఫ్లైట్లలో ఎవరైనా ఆఫ్‌సెట్ పెడితే "ఏం, తిన్నగా పోవడం రాదా?" అని గుచ్చేవారు. మార్కులు వేసేది ఆయనే కాబట్టి కుర్రవాళ్ళు మెల్లగా మానేశారు. మీటింగులో నేను లేచి అడిగాను. మాటా మాటా పెరిగింది. పక్కకు జరగడం అలవాటైతే పైలట్ చేతికి బద్ధకం వస్తుందని ఆయన వాదన. అందులో కొంచెం నిజం లేకపోలేదు. అయినా నాకు కోపం ఆగలేదు. "సార్, మీరు ఒక్కరే బాగా ఎగిరితే చాలదు. ఎదురొచ్చేవాడు తప్పు చేసినా బతకాలి కదా" అన్నాను. ఆ తరువాత చాలా రోజులు నాతో ముభావంగానే ఉన్నారు.

మీరు కొత్తగా చేరేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. మీకు తటస్థపడే బాసుల్లో చెడ్డవాళ్ళు తక్కువే ఉంటారు. తాము బాగా చేసే పనే అందరికీ రక్ష అనుకునేవాళ్ళు ఎక్కువ. వాళ్ళతో పోట్లాట కష్టం. ఎందుకంటే వాళ్ళంటే గౌరవం కూడా ఉంటుంది.

ముందు విషయం, తరువాత మర్యాద

ప్రిస్కిల్లాది గుండుగొలను. వాళ్ళ నాన్నగారు మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆమె కో-పైలట్‌గా నా పక్క సీట్లోకి వచ్చిన మొదటి రోజు నేను పేరూ ఊరూ అడిగి, "ఓహో, మా పక్కే" అన్నాను. ఆ తరువాత పని లేని వేళ ఇద్దరం తెలుగే మాట్లాడుకునేవాళ్ళం.

మంచి పైలట్. లెక్క తప్పదు, చెయ్యి వణకదు, చదివింది మరిచిపోదు. ఒక్కటే లోపం. మా గోదావరి మర్యాద నిలువెల్లా ఉంది. ఒకరోజు దిగేటప్పుడు నేను స్పీడు కొంచెం ఎక్కువగా ఉంచాను. పక్క సీటు వాళ్ళు వెంటనే "స్పీడ్" అని ఒక్క మాట అనాలి. ఆమె ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది, కానీ వాక్యమంతా మా ఊరిదే. సార్, మీరేమీ అనుకోకపోతే, ఒకసారి వీలు చూసుకుని, స్పీడు కొంచెం... అంటూ ఉండగానే నేను సరిచేసేశాను.

దిగాక అడిగాను.

"అమ్మా, నేను చూసుకోకపోతే ఏమయ్యేది?"

"చెబుతున్నానండీ. ఇంతలోకే మీరు చూసేసుకున్నారండీ."

"నువ్వు చెప్పడం అయ్యేసరికి రన్‌వే అయిపోతుంది. కాక్‌పిట్‌లో ముందు విషయం చెప్పు. మర్యాద తరువాత చేద్దువుగాని."

"మా నాన్నగారు వింటే బాధపడతారండీ. పెద్దవాళ్ళని మొహం మీద అలా అనకూడదని చిన్నప్పటి నుంచీ..."

"మీ నాన్నగారు వెనక సీట్లో ప్రయాణికుడైతే?"

ఆమె నవ్వేసింది. నవ్వితే విన్నదని కాదు.

కమాండ్ చెక్ అంటే కో-పైలట్ కెప్టెన్ కావడానికి జరిగే పరీక్ష. ఆమె ఎడమ సీట్లో కూర్చుని కెప్టెన్‌లా విమానం నడపాలి. ఎగ్జామినర్ కుడి సీట్లో కూర్చుని కో-పైలట్ పని చేస్తూ గమనిస్తాడు. మొదటిసారి ఆమె తప్పింది. అన్నీ బాగున్నాయి, మాటలో అధికారం లేదు అని రాశారు. రాసింది పెద్దాయనే. నాతో విడిగా ఇంకో మాట కూడా అన్నారు. "మీ గోదావరి వాళ్ళు సముద్రంలో మునిగిపోతున్నా 'ఏవండీ' అని పిలుస్తారయ్యా." నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మా కంపెనీలో రెండోసారి కూడా తప్పితే మళ్ళీ వరుసలో చివరికి వెళ్ళాలి. ఏళ్ళ తరబడి నిరీక్షణ. తనకన్నా వెనక చేరినవాళ్ళు కెప్టెన్లై పక్కన కూర్చుంటే వాళ్ళకు కో-పైలట్‌గా పనిచేయాలి. రెండో చెక్ కూడా పెద్దాయనతోనే పడింది. నేను ఆ విమానంలోనే ఉన్నాను. అవతలి ఊరి నుంచి దాన్ని వెనక్కి తీసుకురావడం నా డ్యూటీ. అందుకని వాళ్ళిద్దరి వెనక ఉండే మడత సీట్లో కూర్చున్నాను.

బయలుదేరే ముందు పెద్దాయన నావైపు వేలు చూపించి, "నీ నోట్లోంచి మాట రాకూడదు. వస్తే ఆమె చెక్ రద్దు" అన్నారు. అది రూలే. వెనక నుంచి ఎవరూ అందించకూడదు. ప్రమాదమనిపిస్తే మాత్రం ఎవరైనా మాట్లాడవచ్చు. ఏది ప్రమాదమో నిర్ణయించుకోవలసింది మాట్లాడే మనిషే.

ఎడమకు ఒరిగింది

పగటి వేళ, మద్రాసు నుంచి తూర్పుగా బంగాళాఖాతం మీదుగా ప్రయాణం. ఆకాశం శుభ్రంగా ఉంది. ఒడ్డు దాటాక కొంతసేపటికి ప్రిస్కిల్లా మామూలుగా, స్పష్టంగా, "ఆఫ్‌సెట్, కుడికి రెండు మైళ్ళు" అంది. పెద్దాయన కనుబొమలు ఎగరేశారు. మీటలు నొక్కడం కుడి సీటు పని. నొక్కాక ఇద్దరూ చూసి, సరే అనుకుని, అప్పుడు అమలుచేయాలి.

సరిగ్గా అప్పుడే దూరపు రేడియో వాళ్ళు మా స్థానం చెప్పమని పిలిచారు. ఆ గరగరలో వాళ్ళకు రెండు మూడు సార్లు చెప్పవలసి వచ్చింది. రేడియో కూడా కుడి సీటు పనే, కానీ పెద్దాయన చేతులు మీటల మీద ఉన్నాయి కాబట్టి ఆమె అందుకుంది. ఆయన ఆమె కోసం ఆగకుండా నొక్కి, అమలుచేసేసి, కాఫీ కప్పు తీసుకున్నారు.

విమానం మెల్లగా ఒరిగింది. అన్నేళ్ళు ఎగిరాక ఒరుగుడు కళ్ళతో చూడక్కర్లేదు, నడుముకే తెలుస్తుంది. ఎడమకు ఒరిగింది. నేను ముందుకు వంగి తెర చూశాను. రెండు మైళ్ళు అని ఉంది. దాని ముందు కుడి అని ఉండాల్సిన చోట ఎడమ అని ఉంది.

ఆయన అలా ఎందుకు నొక్కారో తరువాత చాలా ఆలోచించాను. ఆయనకు తెలియక కాదు. నేను తాడేపల్లిగూడెంలో మా మామయ్య ఇంట్లో ఉండి చదువుకున్నప్పుడు, ఊరి పక్కన యుద్ధకాలంనాటి పాత రన్‌వే మీద సైకిల్ నేర్చుకున్నాను. మామయ్య వెనక సీటు పట్టుకుని పరుగెత్తుతూ "ఎదురొస్తే ఎడమకి, ఎదురొస్తే ఎడమకి" అని అరిచేవాడు. ఈ దేశంలో పుట్టిన ప్రతివాడి ఒంటికీ ఆ పాఠం పట్టి ఉంటుంది. సముద్రంలో ఓడలూ, పైన విమానాలూ ఎదురైతే కుడికి తప్పుకుంటాయి. అది మేము పెద్దయ్యాక పుస్తకంలో చదువుకున్నది. మనసు ఎక్కడో ఉన్నప్పుడు చెయ్యి పుస్తకం మాట వినదు. ఆయన మనసు ఆఫ్‌సెట్ మీద ఎప్పుడూ లేదు.

ఎడమకు జరిగితే కలిగే నష్టం ఏమిటో చెబుతాను. ఎదురొచ్చేవాళ్ళు రూలు ప్రకారం వాళ్ళ కుడికి రెండు మైళ్ళు జరిగి ఉంటారు. వాళ్ళ కుడి అంటే మన ఎడమ. అంటే మనం గీత వదిలి, పనిగట్టుకుని వాళ్ళు ఉన్న చోటికే వెళ్ళి నిలబడ్డాం.

ప్రిస్కిల్లా రేడియో అయ్యాక తెర చూసింది. ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది. చూసేసిందని నాకు అర్థమైంది. నా గుండె కుదుటపడింది. ఒక క్షణమే.

"సార్, వీలైతే ఆఫ్‌సెట్ ఒకసారి చూసుకుందామా?" అంది.

"చూసేదేముంది? రెండు మైళ్ళు. నీకిష్టమైనదేగా" అన్నారాయన, కప్పులోకి చూస్తూ.

"అది కాదు సార్, వైపు గురించి..."

"అన్నీ నీ ఇష్టప్రకారమే జరిగాయి. నడుపు."

అప్పుడు తెర మీద పై అంచున చిన్న గుర్తు కనిపించింది. ఎదురొచ్చే విమానం. పక్కన అంకె చెబుతోంది, మాకు వెయ్యి అడుగులు పైన ఉంది. అది ఉండవలసిన ఎత్తే. కానీ ఆ గుర్తు కుడికీ ఎడమకూ కాకుండా, మా ముక్కుకు సూటిగా ఉంది. రెండు విమానాలు ఎదురెదురుగా వస్తుంటే మాట్లాడుకోవడానికి ఎంతో వ్యవధి ఉండదు. వెనక క్యాబిన్‌లో భోజనాలు పెడుతున్నారు. ట్రాలీల చప్పుడు తలుపు గుండా వినిపిస్తోంది.

నేను నోరు తెరిచాను. మాట్లాడితే ఆమె చెక్ పోతుంది. మాట్లాడకపోతే వెయ్యి అడుగుల ఖాళీ మీద నమ్మకం పెట్టుకుని కూర్చోవాలి. నిజం చెప్పాలంటే ఆ ఖాళీ నూటికి నూరుపాళ్ళూ సరిపోయేదేమో. మహా అయితే సుడిగాలి తగిలి ఒక ట్రాలీ ఎగిరేదేమో. కానీ ఆ 'మహా అయితే' మీద బతకకూడదనే కదా మేము గీత వదిలి ఎగరడం మొదలుపెట్టింది. ఆ గుర్తు తెర మీద మాకు ఇంకొంచెం దగ్గరకు వస్తే మాట్లాడేద్దామని నిశ్చయించుకున్నాను.

ఆ అవసరం రాలేదు.

"ఆఫ్‌సెట్ ఎడమకు పడింది. తప్పు. కుడికి రెండు పెడుతున్నాను" అంది ప్రిస్కిల్లా. సార్ లేదు, వీలైతే లేదు. ఆమె గొంతు నాకు కొత్తగా వినిపించింది. తనే మీటలు నొక్కి, తెర మీద వేలు పెట్టి, "చూడండి" అంది.

పెద్దాయన చూశారు. కప్పు కింద పెట్టారు. "కుడి రెండు. సరే" అన్నారు.

విమానం కుడికి ఒరిగింది. గీత దాటి అవతలికి వెళ్ళి నిలదొక్కుకున్న కాసేపటికి ఎదురు విమానం కనబడింది. నాలుగు ఇంజన్ల పెద్ద విమానం. మాకు పైగా, ఎడమ పక్కన దూరంగా తెల్లటి పొగ గీసుకుంటూ వెళ్ళిపోయింది. మా కప్పుల్లో కాఫీ కూడా కదలలేదు. ముగ్గురం ఆ పొగ వైపు చూశాం.

కావాలనే

విమానం దిగి ప్రయాణికులంతా వెళ్ళిపోయాక పెద్దాయన కాక్‌పిట్ తలుపు వేశారు. చెక్ పత్రం మోకాలి మీద పెట్టుకుని, ఇంగ్లీషు వదిలి తెలుగులోకి దిగారు.

"బాగా చేశావు. ఆఫ్‌సెట్ నేను కావాలనే ఎడమకు పెట్టాను. కనిపెడతావా లేదా, కనిపెట్టి నన్ను ఎదిరిస్తావా లేదా చూద్దామని. ఎదిరించావు. పాసయ్యావు. ఇదిగో, సంతకం పెట్టు."

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన నావైపు చూడలేదు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. ఆయన అబద్ధం చెప్పడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు, అందుకని వెంటనే తెలిసిపోయింది. అయినా నాకు హాయిగా అనిపించింది. ఆ మాట కూడా దాచను. ఆయన పరువు నిలబడింది, పిల్ల కెప్టెన్ అయింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇంకేం కావాలి? నేనైతే సంతకం పెట్టేసేవాణ్ణి.

ప్రిస్కిల్లా పెన్ను తీసుకుంది. పత్రం వైపు చాలాసేపు చూసింది. తరువాత పెన్ను మూత పెట్టేసింది.

"ఏవండీ సార్," అంది. ఈసారి మళ్ళీ మా ఊరి గొంతే. "వెనకాల అంతమంది జనం ఉండగా మీరు కావాలని అలా పెట్టరండీ. మీరు అలాంటి మనిషి కాదండీ."

పెద్దాయన చూపు దించుకున్నారు.

"కావాలని పెట్టారని నేను సంతకం పెడితే, అది మీ మీద నేను వేసిన నింద అవుతుందండీ. పొరపాటున పడింది. నేనూ ఆ టైములో చూడలేదు. పొరపాటు ఎవరికైనా అవుతుంది కదండీ. రేపు ఇంకొకళ్ళు కూడా ఇలాగే ఎడమ నొక్కుతారు. పొరపాటనే రిపోర్టు రాద్దామండీ."

"రాస్తే ఈ చెక్ చెల్లదు. తెలుసా?" అన్నారాయన. గొంతులో కోపం లేదు. "ఎగ్జామినర్ మీదే విచారణ ఉంటే ఆయన వేసిన మార్కులు లెక్కలోకి రావు. మళ్ళీ నీకు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు."

"తెలుసండీ."

నేను ఉండబట్టలేక, "అమ్మా, ఒక్కసారి ఆలోచించుకో" అన్నాను. ఆమె నావైపు తిరిగి చూసింది. ఆ చూపు ముందు నేను నోరు మూసుకున్నాను.

పెద్దాయన చాలాసేపు అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. కింద సామాన్లు దింపుతున్నారు. చివరికి చెక్ పత్రం మడిచి సంచిలో పెట్టుకుని, రిపోర్టు కాగితం బయటికి తీశారు. ఆమెకు ఇవ్వలేదు. ఆయనే రాశారు. మొదటి వరసలో తన పేరు, తన హోదా రాసి, కింద 'నేను పొరపాటున ఎడమ వైపు ఎంపిక చేశాను' అని రాశారు. రాసి నాకిచ్చి, "సాక్షిగా సంతకం పెట్టు. నీ మాటే నెగ్గింది కదా" అన్నారు. నాకు నెగ్గినట్టేమీ అనిపించలేదు.

తరువాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. ఆయన్ని కొంతకాలం చెక్‌లు చేయకుండా ఆపారు. ఆయన రిపోర్టు చూశాక, ఎడమ నొక్కి సరిచేసుకుని చెప్పకుండా ఊరుకున్న ఇంకొందరు కూడా బయటపడ్డారు. అందరూ మన రోడ్ల మీద పెరిగినవాళ్ళే. అప్పటి నుంచి మా కంపెనీలో ఆఫ్‌సెట్ అమలుచేసే ముందు వైపును పైకి చెప్పి, అవతలి సీటు వాళ్ళు తెర మీద వేలు పెట్టి చూపించాలన్న పద్ధతి వచ్చింది. పెద్దాయన తిరిగి చెక్‌లు మొదలుపెట్టాక, ఆ వేలు పెట్టకపోతే మొదట మార్కులు కోసింది ఆయనే. ప్రిస్కిల్లా కెప్టెన్ అయింది. కానీ చాలా కాలం పట్టింది. ఆ మధ్యకాలంలో తనకన్నా వెనక చేరినవాళ్ళ పక్కన కుడి సీట్లో కూర్చుని పనిచేసింది. అది తేలికని మీకెవరైనా చెబితే నమ్మకండి. ఆమె చాలాసార్లు ఏడ్చిందని నాకు తెలుసు.

నాకు వీటన్నిటికన్నా ఆ రోజు సాయంత్రమే ఎక్కువ గుర్తొస్తుంది. నా తిరుగు ప్రయాణానికి ఇంకా వ్యవధి ఉంది. వాళ్ళను హోటల్‌కు తీసుకువెళ్ళే వ్యాను దాకా నేనూ నడిచాను. పెద్దాయన ముందు సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ప్రిస్కిల్లా వ్యాను పక్కన నిలబడి గుండుగొలనుకు ఫోను చేసింది. వాళ్ళ నాన్నగారికి చెవుడు వచ్చింది కాబట్టి ఆయన అరిచినట్టే మాట్లాడతారు. పక్కనున్న నాకు ప్రతి మాటా వినిపించింది.

"అయ్యిందా అమ్మా? పాసయ్యావా?"

"లేదండీ నాన్నగారూ. అవ్వలేదండీ."



"తప్పేమైనా చేశావా తల్లీ?"

"లేదండీ."

"మరి విమానం బాగానే దిగిందా? ఎక్కినోళ్ళందరూ బావున్నారా?"

"బావున్నారండీ. ఎవరిళ్ళకి వాళ్ళు ఎళ్ళిపోయారండీ," అంది ప్రిస్కిల్లా. "వాళ్ళకేం తెలీదు నాన్నగారూ."